పాత ఇల్లు కొనేముందు – 4వ పాఠం: పగులు ఎంతని కాదు, ఎక్కడని

గత పాఠంలో పగులు వెడల్పు కొలవడం నేర్పాను. అక్కడితో ఆపడం నా పొరపాటు. గుంటూరులో ఒకరు 3 మిల్లీమీటర్ల పగులు చూసి బెదిరి, మంచి ఇల్లు వదిలేసుకున్నారు. అది పిల్లరుకూ ఇటుక గోడకూ మధ్య అతుకులో వచ్చిన నిలువు పగులు. ఎండకు కాంక్రీటు ఒకలా, ఇటుక ఒకలా సాగుతాయి. అక్కడ చెక్కి, చికెన్ మెష్ (సన్నని ఇనుప వల) కొట్టి మళ్లీ ప్లాస్టరింగ్ చేస్తే చాలు.

విశాఖలో ఇంకొకరు "వెంట్రుకంత గీతే కదా" అని అడ్వాన్స్ ఇచ్చేశారు. ఆ గీత పిల్లరు మీద ఉంది. ఈ పాఠం ముఖ్యంగా దాని గురించే.

పిల్లరు అంచుకు కాస్త ఇవతల, పైనుంచి కిందికి తిన్నగా సన్నని గీత కనిపిస్తే, దాని వెనకే రాడ్డు ఉంటుంది. సముద్రపు గాలిలోని ఉప్పు, తేమ లోపలికి దిగి రాడ్డు తుప్పు పడుతుంది. తుప్పుకు అసలు ఇనుము కంటే రెండింతలకు పైగా చోటు కావాలి. అందుకే కాంక్రీటును లోపలినుంచి తోసి చీలుస్తుంది. గీత సన్నగా ఉందంటే జబ్బు చిన్నదని కాదు, ఇప్పుడే బయటపడిందని. పుట్టీ పెట్టి రంగు వేస్తే గీత మాయమవుతుంది, తుప్పు ఆగదు. కాంక్రీటు పనికి మన దేశ ప్రమాణమైన ఐఎస్ 456 ప్రకారం పిల్లరు రాడ్డు మీద 40 మిల్లీమీటర్ల కాంక్రీటు ఉండాలి. "ప్లాస్టరింగ్ ఉందిగా" అనే మాట వింటే నాకు చిరాకు. ప్లాస్టరింగ్ మందం ఆ 40లోకి రాదు.

రూపాయి బిళ్లతో గీత పక్కన కొట్టి చూడండి. డొల్ల చప్పుడు వస్తే పెచ్చు లోపల విడిపోయినట్టే. ఒక్క పిల్లరే అయితే, ఇంజనీరుతో మరమ్మతు ఖర్చు రాయించుకున్నాకే ధర మాట్లాడండి. రెండు మూడు పిల్లర్లలో కనిపిస్తే నేనైతే కొనను, ఎంత తగ్గించినా సరే.

నల్లరేగడి నేలలో కిటికీ మూలల నుంచి ఐమూలగా పాకే పగుళ్ల సంగతి వేరు. వానకు నేల ఉబ్బుతుంది, ఎండకు కుంగుతుంది, గోడ దానితో పాటే కదులుతుంది. కదలిక ఆగిందో లేదో తెలియాలంటే ఒక వేసవి, ఒక వానాకాలం చూడాలి. కొనేవాళ్లకు అంత టైమ్ ఉండదు కాబట్టి నేను పాత పుట్టీ చూస్తాను. పూడ్చినచోటే మళ్లీ చీలితే పగులు ఇంకా కదులుతోందని అర్థం. పునాదిని ఇంజనీరుకు చూపించకుండా ముందుకెళ్లకండి. పూడ్చాక మళ్లీ చీలిందా అని ఓనరును కాదు, అద్దెకున్నవాళ్లను అడగండి.

అభ్యాసం: మీరు ఉంటున్న ఇంట్లో ప్రతి పగులునూ కాగితం మీద గీయండి. రెండు కొసల దగ్గర పెన్సిల్‌తో గుర్తు పెట్టి తేదీ వేయండి. పిల్లర్లన్నీ బిళ్లతో కొట్టి చూడండి. నెల తర్వాత ఏ గుర్తు దాటి పగులు పాకిందో చూసి, ఆ కాగితం పట్టుకునే 5వ పాఠానికి రండి.