కొత్త ల్యాప్‌టాప్‌లో ఎఫ్2 నొక్కితే సౌండ్ తగ్గుతోందా? ఇలా మార్చుకోండి

కొత్త ల్యాప్‌టాప్ కొని, అకౌంట్లు రాసుకునే ట్యాలీ సాఫ్ట్‌వేర్ వేసుకుని, తేదీ మారుద్దామని ఎఫ్2 నొక్కితే తేదీ అడగదు, సౌండ్ తగ్గుతుంది. పేమెంట్ వోచర్ కోసం ఎఫ్5 నొక్కితే స్క్రీన్ మసకబారుతుంది, సేల్స్ ఎంట్రీకని ఎఫ్8 కొడితే ఏరోప్లేన్ మోడ్ పడి వైఫై పోతుంది. చాలా లెనోవో మోడళ్లలో వరస ఇదే, మిగతా కంపెనీల్లో బొమ్మలు అటూ ఇటూ మారతాయి గానీ తలనొప్పి ఒకటే. కీబోర్డు పాడైందనో, ట్యాలీ సరిగ్గా ఎక్కలేదనో కంగారుపడి షాపుకి పట్టుకెళ్లక్కర్లేదు. ఇది రిపేరు కాదు, సెట్టింగు.

జరుగుతున్నది ఇంతే. ఇప్పుడొచ్చే ల్యాప్‌టాప్‌లలో పై వరస కీల మీద ఉన్న బొమ్మల పనులే, అంటే సౌండు, బ్రైట్‌నెస్ లాంటివి, నేరుగా జరిగేలా పెట్టి పంపిస్తున్నారు. అసలు ఎఫ్1 నుంచి ఎఫ్12 దాకా కావాలంటే కింద ఎడమ మూల ఉండే ఎఫ్ఎన్ కీ పట్టుకుని నొక్కాలి. సినిమాలు చూసేవాళ్లకి ఇది సుఖమే. రోజంతా వోచర్లు కొట్టేవాళ్లకి, ఎక్సెల్‌లో పనిచేసేవాళ్లకి, కోడ్ రాసేవాళ్లకి మాత్రం నరకం. ఎక్సెల్ సంగతే తీసుకోండి, ఫార్ములా రాస్తూ సెల్ అడ్రస్‌కి డాలర్ గుర్తులు పెట్టడానికి ఎఫ్4 నొక్కుతాం కదా, చాలా మోడళ్లలో అదే కీ మీద మైక్ ఆపే బొమ్మ ఉంటుంది. మీటింగ్‌లో షీట్ చూపిస్తూ ఎఫ్4 కొడితే డాలర్ పడదు, మీ మాట అవతలివాళ్లకి వినిపించడం ఆగిపోతుంది. అందుకే నా మాట ఒకటే: ఎఫ్ కీలతో రోజూ పనిపడేవాళ్లు మొదటి రోజే ఇది తిప్పేసుకోండి. ఎప్పుడో నెలకోసారి ఎఫ్5 వాడేవాళ్లయితే అలాగే వదిలేయండి, కావాల్సినప్పుడు ఎఫ్ఎన్ కలిపి నొక్కితే చాలు.

ముందు సులువైన దారి చూడండి. ఎస్కేప్ కీ మీద చిన్న తాళం బొమ్మ గానీ, ఎఫ్ఎన్ లాక్ అన్న అక్షరాలు గానీ ఉన్నాయా? ఉంటే ఎఫ్ఎన్ కీ నొక్కి పట్టుకుని ఎస్కేప్ ఒక్కసారి కొట్టి రెండూ వదిలేయండి. లెనోవో, డెల్, ఏసుస్‌లలో చాలావాటికి ఇంతటితో పని అయిపోతుంది. హెచ్‌పీ ఆఫీసు మోడళ్లలో కొన్నిటికి ఎఫ్ఎన్‌తో పాటు ఎడమ షిఫ్ట్ నొక్కాలి. మారిందో లేదో తెలుసుకోవడానికి నోట్‌ప్యాడ్ తెరిచి ఎఫ్5 నొక్కండి. ఆ రోజు టైమూ తేదీ అక్కడ టైపైతే కీ దారిలోకి వచ్చినట్టే.

అలా కుదరకపోతే కంపెనీ యాప్ ఉంటుంది. లెనోవోలో వాంటేజ్ తెరిచి డివైస్ కింద ఇన్‌పుట్ అండ్ యాక్సెసరీస్‌లో చూడండి, ఏసుస్ అయితే మైఏసుస్ యాప్‌లో ఇన్‌పుట్ డివైస్ సెట్టింగ్స్‌లో ఫంక్షన్ కీ సంగతి ఉంటుంది.

ఇక మిగిలింది బయోస్, అంటే విండోస్ మొదలవడానికి ముందే తెరుచుకునే ల్యాప్‌టాప్ సొంత సెట్టింగుల మెనూ. విండోస్ సెట్టింగ్స్‌లోనే ఎందుకు లేదని చాలామంది గంటలకొద్దీ వెతుకుతారు, అక్కడ దొరకదు. ఎందుకంటే మామూలుగా ఎఫ్ఎన్ కీ నొక్కిన విషయం విండోస్‌ దాకా రాదు, ల్యాప్‌టాప్ లోపలుండే చిన్న కంట్రోలర్ చిప్పే దాన్ని చూసుకుని ఎఫ్5 పంపాలా, బ్రైట్‌నెస్ తగ్గించాలా అన్నది తేల్చేస్తుంది. బయోస్‌లో ఒకసారి మారిస్తే విండోస్ మళ్లీ వేసుకున్నా ఆ మార్పు పోకుండా ఉండేదీ అందుకే.

బయోస్‌లోకి వెళ్లేముందు ఒక్క జాగ్రత్త, దీన్ని మాత్రం దాటేయకండి. కొత్త ల్యాప్‌టాప్‌లలో డిస్క్ ఎన్‌క్రిప్షన్, అంటే డిస్క్‌లోని డేటాకి తాళం వేసే ఏర్పాటు, చాలావరకు ముందే ఆన్ అయి ఉంటుంది. విండోస్‌లో ఆ తాళం పేరు బిట్‌లాకర్. బయోస్ సెట్టింగులు కదిపాక ఒక్కోసారి అది 48 అంకెల రికవరీ కీ (పాస్‌వర్డ్ లాంటి నంబరు) అడుగుతుంది. ఈ మార్పుకి సాధారణంగా అడగదు గానీ, అడిగిన రోజున కీ చేతిలో లేకపోతే డేటా మొత్తం లోపలే ఇరుక్కుంటుంది. మీ మైక్రోసాఫ్ట్ అకౌంట్‌లో ఆ కీ ఉందేమో చూసి, కాగితం మీద రాసి పెట్టుకున్నాకే ముందుకెళ్లండి. ఆఫీసు ల్యాప్‌టాప్ అయితే బయోస్‌కి పాస్‌వర్డ్ ఉండొచ్చు, ఐటీ వాళ్లని అడిగితే వాళ్లే మార్చి ఇస్తారు.

హెచ్‌పీలో ఆన్ చేసిన వెంటనే ఎస్కేప్‌ను టకటకా కొడుతూ ఉంటే మెనూ వస్తుంది, అందులో ఎఫ్10. లోపల సిస్టమ్ కాన్ఫిగరేషన్‌లో యాక్షన్ కీస్ మోడ్ అని ఉంటుంది, దాన్ని డిసేబుల్డ్ చేసి, ఎఫ్10 నొక్కి సేవ్ చేసి బయటికి రండి. ఏసర్‌లో ఎఫ్2తో లోపలికెళ్లి, మెయిన్ పేజీలో ఫంక్షన్ కీ బిహేవియర్ ఉంటే ఫంక్షన్ కీ అని ఎంచుకోండి. లెనోవో ఐడియాప్యాడ్‌కి ఎఫ్2, లోపల కాన్ఫిగరేషన్‌లో హాట్‌కీ మోడ్ డిసేబుల్ చేయాలి. థింక్‌ప్యాడ్ అయితే ఎఫ్1తో వెళ్లి, కాన్ఫిగ్‌లో కీబోర్డ్/మౌస్ కింద చూడండి. డెల్‌కీ ఎఫ్2యే, అక్కడ ఎఫ్ఎన్ లాక్ పేరుతో ఉంటుంది. మోడల్‌ని బట్టి పేర్లు కాస్త మారతాయి, కానీ ఫంక్షన్, హాట్‌కీ, యాక్షన్ కీ అన్న మాటల్లో ఏదో ఒకటి కనిపిస్తుంది. మిగతావేవీ ముట్టుకోకండి.

ఎంత నొక్కినా నేరుగా విండోస్‌లోకే వెళ్లిపోతుంటే (కొత్తవి అంత వేగంగా తెరుచుకుంటాయి మరి) ఇంకో దారుంది. విండోస్ 11 సెట్టింగ్స్‌లో సిస్టమ్, రికవరీ, అక్కడ అడ్వాన్స్‌డ్ స్టార్టప్ పక్కన రీస్టార్ట్ నౌ నొక్కండి. నీలం తెర వచ్చాక ట్రబుల్‌షూట్, అడ్వాన్స్‌డ్ ఆప్షన్స్, యూఈఎఫ్ఐ ఫర్మ్‌వేర్ సెట్టింగ్స్. నేరుగా బయోస్‌లోకి తీసుకెళ్తుంది.

మ్యాక్‌బుక్ వాళ్లకి ఈ తిప్పలేవీ లేవు. సిస్టమ్ సెట్టింగ్స్‌లో కీబోర్డ్, కీబోర్డ్ షార్ట్‌కట్స్, ఫంక్షన్ కీస్, అక్కడున్న ఒక్క స్విచ్ ఆన్ చేస్తే సరి.

ఇవన్నీ ల్యాప్‌టాప్ సొంత కీబోర్డుకే వర్తిస్తాయి. బయట నుంచి యూఎస్‌బీ కీబోర్డు పెట్టుకుంటే దాని లెక్క దానిదే. ఒకే ల్యాప్‌టాప్‌ని పగలు మీరు ట్యాలీకి, రాత్రి పిల్లలు సినిమాలకి వాడుతుంటే బయోస్ జోలికి అసలు వెళ్లకండి. ఎఫ్ఎన్, ఎస్కేప్ పనిచేస్తే అదే వాడండి, ఎవరు కూర్చుంటే వాళ్లు ఒక్కసారి నొక్కుకుంటారు.