బ్యాండు వదిలి సోలోగా పాడదలచిన విశాఖ గాయకులకు

విశాఖలో బ్యాండుకు ముందు నిలబడి, మెరుపుల దుస్తులతో జనం చూపును తనవైపు తిప్పుకున్న గాయకుడు సోలోగా మారదలిస్తే, మొదట తేల్చుకోవలసింది పాటల లెక్క. ఏ పాటకు సాహిత్యం ఎవరిది, బాణీ ఎవరిది, బ్యాండు పేరును ఇకపై ఎవరు వాడుకోవచ్చు అన్నవి విడిపోకముందే కాగితం మీద రాసుకొని, అందరూ సంతకాలు చేయాలి. సాహిత్యమో బాణీయో మీదైతే పాటల రచయితలకూ స్వరకర్తలకూ రాయల్టీలు వసూలు చేసిపెట్టే ఐపీఆర్ఎస్ సంస్థ‌లో సభ్యత్వం తీసుకొని వాటిని మీ పేరిట నమోదు చేయించుకోవాలి.

తెగతెంపులు ఒక్కసారే జరగనక్కరలేదు. బ్రిటిష్ రాక్ గాయకుడు ఫ్రెడ్డీ మెర్క్యురీ 1985లో సొంత ఆల్బమ్ తెచ్చి కూడా తన బ్యాండు క్వీన్‌ను వదలలేదు. మరో బ్రిటిష్ గాయకుడు జార్జ్ మైకేల్ మాత్రం 1986లో లండన్ వెంబ్లీ స్టేడియంలో వీడ్కోలు కచేరీతో తన ఇద్దరు సభ్యుల పాప్ బృందం వామ్‌ను ముగించి, మరుసటి ఏడాది తోలు జాకెట్టుతో, కొత్త రూపంతో ‘ఫెయిత్’ ఆల్బమ్ విడుదల చేశాడు. ఇంటద్దె కట్టుకోవలసిన కొత్తవారికి మొదటి దారే క్షేమమని నా అభిప్రాయం.

ఇక వేషం. ఆర్కే బీచ్ వేదిక మీద ఉప్పుగాలికి, ఉక్కకు చమ్కీల జాకెట్టు రెండో పాటకే వీపుకు అతుక్కుంటుంది, కాటుక చెంపల మీదికి జారుతుంది. అందువల్ల లోపల పలుచని నూలు బనియను వేసుకొని, చమ్కీలను భుజాలకూ ఛాతీకీ పరిమితం చేసి, చంకల దగ్గర గాలాడేలా వదులుగా కుట్టించుకోవాలి. కాటుక నీటికి చెదరని రకం కొనాలి.