పికప్ బండి కొనే ముందు మైలేజీ, ఫైనాన్స్ లెక్క ఎలా వేయాలి?

షోరూంలో కూర్చోగానే మాట ఈఎంఐతో మొదలవుతుంది. "నెలకు ఎంత కట్టగలరు?" అంటారు. మీరు మాత్రం అక్కడ మొదలుపెట్టొద్దు. బొలెరో మ్యాక్స్ హెచ్‌డీ, టాటా యోధా, అశోక్ లేలాండ్ బడా దోస్త్ లాంటి బండి నెలకు 3,000 కిలోమీటర్లు తిరిగిందనుకోండి. లోడుతో లీటరుకు 11 కిలోమీటర్లే ఇస్తే, డీజిల్ లీటరు 96 రూపాయల లెక్కన నెలకు 26 వేలు పైనే. చాలామందికి ఈఎంఐ అంతకంటే తక్కువే ఉంటుంది. అందుకే రెండు లెక్కలూ ఒకే కాగితం మీద వేయాలి.

1. ముందు బరువు తేల్చుకోండి

మీరు రోజూ మోసేది ఎంత? టమాటా ట్రే ఒకటి 25 కిలోలనుకుంటే 60 ట్రేలకు 1,500 కిలోలు. ఖాళీ ట్రేల బరువు, టార్పాలిన్, తాళ్లు, పక్కన కూర్చునే హమాలీ బరువు దీనికి అదనం. కంపెనీ చెప్పే పేలోడ్ (బండి మోయగల బరువు) మామూలు బాడీకి. దాని మీద ఇనుప గ్రిల్లో, మూసిన డబ్బానో కట్టిస్తే ఆ బరువంతా పేలోడ్‌లోంచే పోతుంది. బాడీ కట్టించాక ఖాళీ బండిని ఒకసారి కాటా మీదికి ఎక్కించి, ఆ బరువును ఆర్‌సీలో ఉన్న మొత్తం బరువులోంచి (బండి, లోడు కలిపి) తీసేయండి. మిగిలినదాంట్లోనే మనుషులు, ట్రేలు, సరుకు అన్నీ రావాలి.

ఆ మొత్తం బరువు 3,000 కిలోలు దాటితే పర్మిట్ కావాలి, దాటకపోతే అక్కర్లేదు. రెండు టన్నులు మోసే పికప్‌లు ఈ గీత దాటేస్తాయి. ఓవర్‌లోడ్‌కు చట్టంలో ఉన్న జరిమానా 20,000 రూపాయలు, పైన ప్రతి అదనపు టన్నుకు 2,000. కమాన్ కట్టకు ఇంకో రెండు ఆకులు వేయిస్తే సరిపోతుందనే సలహా ప్రతి షెడ్డులోనూ దొరుకుతుంది. ఆకులు బరువు ఆపుతాయి గానీ బ్రేకులు, టైర్లు, క్లచ్ పాతవే కదా. మొగిలి ఘాట్ దిగేటప్పుడు ఆ తేడా తెలుస్తుంది.

2. మైలేజీ మీరే కొలవండి

బ్రోచర్‌లోని అంకెను పక్కన పెట్టి డెమో బండి అడగండి. కమర్షియల్ బండ్ల డీలర్లు సాధారణంగా ఇస్తారు. మీ సరుకుతోనే, మీ దారిలోనే నడపాలి.

టైర్లలో గాలి, డోర్ దగ్గర స్టిక్కర్ మీద లోడుకు రాసినంత పెట్టించండి. బంకులో నాజిల్ మొదటిసారి తనంతట తాను కట్ అవ్వగానే ఆపేయండి. "ఇంకొంచెం పడుతుంది" అని పైదాకా నింపితే లెక్క చెడుతుంది, ఎందుకంటే డీజిల్ నురుగు కడుతుంది, రెండోసారి అంతే పడుతుందన్న నమ్మకం లేదు. ట్రిప్ మీటర్ సున్నా చేసి కనీసం 200 కిలోమీటర్లు, వెళ్లేటప్పుడు లోడుతో, వచ్చేటప్పుడు ఖాళీగా నడపండి. తిరిగొచ్చాక అదే బంకులో, అదే పంపు దగ్గర, బండి అదే వైపు నిలబెట్టి మళ్లీ మొదటి కట్ వరకు నింపండి. తిరిగిన కిలోమీటర్లను పట్టిన లీటర్లతో భాగిస్తే వచ్చేదే మీ మైలేజీ. రెండు కంపెనీల బండ్లను పోల్చాలంటే డ్రైవర్ కూడా ఒకరే ఉండాలి.

బండికి డీఈఎఫ్ (పొగలో కాలుష్యం తగ్గించడానికి వేరే ట్యాంకులో పోసే ద్రవం) పోయాలా అని కూడా అడగండి. పోయాల్సి ఉంటే ఆ ఖర్చునూ కిలోమీటరు లెక్కలో కలపాలి.

3. ధర తేడాను డీజిల్ తేడాతో తూచండి

లక్ష రూపాయలు ఎక్కువ పెట్టి మైలేజీ ఎక్కువ ఇచ్చే బండి కొనాలా? 11 శాతం రెడ్యూసింగ్ వడ్డీతో (అంటే మిగిలిన అసలు మీదే పడే వడ్డీతో) నాలుగేళ్లకు లక్షకు ఈఎంఐ సుమారు 2,585. మైలేజీ 11 నుంచి 12.5కు పెరిగితే కిలోమీటరుకు మిగిలేది రూపాయి ఐదు పైసలు. అంటే నెలకు దాదాపు 2,470 కిలోమీటర్లు తిరిగితేనే ఆ లక్ష తన ఈఎంఐ తాను కట్టుకుంటుంది. ఊరి చుట్టూ పాల క్యాన్లు తిప్పి నెలకు 1,200 కిలోమీటర్లు దాటని బండికి ఇది దండగ. చెన్నై, బెంగళూరు మార్కెట్లకు తిరిగే బండికి లాభమే.

4. వడ్డీ ఫ్లాటా, రెడ్యూసింగా?

ఎక్కువమంది మోసపోయేది ఇక్కడే. 8 లక్షల అప్పు, 48 నెలలు, "8 శాతమే సార్" అన్నారనుకోండి. అది ఫ్లాట్ అయితే నాలుగేళ్లూ పూర్తి 8 లక్షల మీదే వడ్డీ పడుతుంది. వడ్డీ 2.56 లక్షలు, ఈఎంఐ 22,000. మీరు నెలనెలా అసలు తీరుస్తున్నా వడ్డీ తగ్గదు. రెడ్యూసింగ్ లెక్కలో చూస్తే ఇది 14.3 శాతం దాకా వస్తుంది. పక్క బ్యాంకు "11 శాతం రెడ్యూసింగ్" అంటే వినడానికి ఎక్కువ అనిపిస్తుంది గానీ దాని ఈఎంఐ 20,676. నాలుగేళ్లలో తేడా 63 వేలు పైమాటే.

చిట్టా విప్పించడానికి ఒకటే దారి: కీ ఫ్యాక్ట్ స్టేట్‌మెంట్ అడగండి. బ్యాంకయినా, ఫైనాన్స్ కంపెనీ అయినా రిటైల్, చిన్న వ్యాపారాల రుణాలకు ఇది ఇవ్వాల్సిందే అని 2024 అక్టోబరు నుంచి రిజర్వ్ బ్యాంకు నిబంధన. అందులో ఏపీఆర్ అనే అంకె ఉంటుంది. ప్రాసెసింగ్ ఫీజులాంటివన్నీ కలిపి ఏడాదికి నిజంగా పడే వడ్డీ అదే. రెండు కోట్‌ల ఏపీఆర్‌లు పక్కపక్కన పెడితే మాటల గారడీ ఉండదు. ముందే తీర్చేస్తే ఫోర్‌క్లోజర్ చార్జీ ఎంతో కూడా అక్కడే చూడండి.

ముద్ర పథకం కింద తరుణ్ విభాగంలో 10 లక్షల దాకా పూచీకత్తు లేకుండా సరుకు బండికి అప్పు దొరుకుతుంది. బ్యాంకు చుట్టూ తిరగాలి, నిజమే. కానీ వడ్డీలో మిగిలితే ఆ తిరుగుడు గిట్టుబాటే.

5. సంతకం పెట్టే ముందు

• అప్పుకు తగిలించిన జీవిత బీమా ఉందేమో చూడండి. వద్దంటే తీసేయమనండి.

• వాహన బీమాలో ఐఎంటీ 23 అనే అదనపు కవర్ ఉందా? లేకపోతే సరుకు బండికి ప్రమాదం జరిగినప్పుడు బంపర్లు, లైట్లు, మడ్‌గార్డులు, పెయింట్ ఖర్చు మీ మీదే పడుతుంది.

• 2025 సెప్టెంబరు 22 నుంచి సరుకు బండ్ల మీద జీఎస్టీ 28 నుంచి 18 శాతానికి తగ్గింది. పాత కొటేషన్ చూపిస్తే ఒప్పుకోవద్దు. మీకు జీఎస్టీ నంబరు ఉండి, పన్ను పడే సరుకు అమ్ముతుంటే బండి మీద కట్టిన పన్నుకు క్రెడిట్ వస్తుంది. కూరగాయలే అమ్మేవాళ్లకు రాదు.

• ఈఎంఐ తేదీని మీకు బాడుగ డబ్బులు చేతికొచ్చే రోజు తర్వాత పెట్టించుకోండి. ఒక చెక్కు బౌన్స్ అయినా చార్జీ పడుతుంది, సిబిల్ స్కోరూ (అప్పులు తీర్చిన తీరుకు వచ్చే మార్కు) దెబ్బతింటుంది.

6. బండి ఇంటికొచ్చాక

మొదటి సర్వీసు తర్వాత ఫుల్ ట్యాంక్ లెక్క మళ్లీ వేసి డైరీలో రాసుకోండి. తర్వాత మైలేజీ ఒక్కసారిగా పడిపోతే ముందు గాలి, ఎయిర్ ఫిల్టర్ చూడండి. ఆపైన బండి దిగి ఒక్కో చక్రం దగ్గర చెయ్యి పెట్టండి. ఒకటే వేడెక్కి ఉంటే అక్కడ బ్రేకు పట్టేస్తున్నట్టు. ఖాళీగా వచ్చేటప్పుడు రెపరెపలాడే టార్పాలిన్ కూడా డీజిల్ తాగుతుంది, మడిచి కట్టండి.

చివరి కంతు కట్టిన వారంలోనే ఫైనాన్స్ వాళ్ల నుంచి ఎన్‌ఓసీ, ఫారం 35 తీసుకుని రవాణా శాఖ దగ్గర ఆర్‌సీ మీద హైపోథికేషన్ (బండి అప్పులో ఉందన్న నమోదు) కొట్టేయించుకోండి. అది అలాగే ఉంటే బండి అమ్మేటప్పుడు బేరం అక్కడే ఆగిపోతుంది.