థైరాయిడ్ రిపోర్టు నార్మల్. మరి ఈ నీరసం ఎక్కడిది?

రిపోర్టు బాగుందని చెబితే ముఖం చిన్నబుచ్చుకునేవాళ్లు ఉంటారంటే బయటివాళ్లు నమ్మరు. ల్యాబ్‌లో శాంపిల్స్ తీసే నాకు అది తరచూ కనిపించేదే, ముఖ్యంగా థైరాయిడ్ టెస్టు దగ్గర. నెలల తరబడి పొద్దున లేస్తూనే ఒళ్లు బరువు, జుట్టు ఊడటం, ఏం తినకపోయినా బరువు పెరగడం, అందరికీ ఉక్కపోస్తుంటే తమకి చలి. అన్నీ వరసపెట్టి చూసుకుంటే థైరాయిడ్ తప్ప ఇంకేదీ కాదనిపిస్తుంది. తీరా చూస్తే థైరాయిడ్ పనితీరు చెప్పే టీఎస్‌హెచ్ 2.1, నార్మల్. "సరిగ్గానే చేశారా మేడం? ఇంకోసారి చూడండి" అని కాగితం నా వైపు జరుపుతారు.

వాళ్ల మీద నాకు విసుగు రాదు. మా అమ్మకి థైరాయిడ్, పిన్నికి థైరాయిడ్. నాకు నీరసం పట్టుకున్నప్పుడు నా అనుమానమూ అటే పోయింది, నా రిపోర్టూ నార్మల్‌గానే వచ్చింది. జబ్బు ఉండాలని ఎవరూ కోరుకోరు. కానీ ఎలాగూ బాగోలేనప్పుడు, రోజుకో బిళ్లతో తేలిపోయే జబ్బయితే బాగుండునని మాత్రం అనిపిస్తుంది.

నేను డాక్టర్ని కాను. వైద్యం చెప్పను. రిపోర్టు చేతిలో పెట్టుకుని ఏం చేయాలో తోచనివాళ్లకి ఒక వరస మాత్రం చెప్పగలను. ముందు ఆ కాగితాన్ని ఒకసారి గట్టిగా నిలదీయండి. అనుమానం తీరాక దాన్ని పక్కన పెట్టి నీరసం వెంట పడండి. చాలామంది మొదటి పని దగ్గరే ఏళ్లు గడిపేస్తారు. రెండో పని మొదలే కాదు.

రిపోర్టుని నిలదీయడం

"థైరాయిడ్ నార్మల్" అని నోటిమాటగా విన్నది చాలదు, కాగితం చూడండి. చాలాసార్లు చేసింది టీఎస్‌హెచ్ ఒక్కటే అయి ఉంటుంది. అది తప్పేమీ కాదు. టీఎస్‌హెచ్ థైరాయిడ్ తయారుచేసేది కాదు, మెదడు కింద ఉండే పిట్యూటరీ గ్రంథి పంపేది. థైరాయిడ్ తయారుచేసే టీ4 హార్మోన్ రక్తంలో కాస్త తగ్గినా పిట్యూటరీ ఊరుకోదు, టీఎస్‌హెచ్‌ని అంతకు ఎన్నో రెట్లు పెంచేస్తుంది. అందుకే టీ4 ఇంకా రేంజ్‌లో ఉండగానే టీఎస్‌హెచ్ పెరగడం కనిపిస్తుంది. పెద్దవాళ్లలో సుమారు 0.4 నుంచి 4 లేదా 4.5 దాకా నార్మల్ అంటారు. ల్యాబ్‌ని బట్టి కొద్దిగా మారుతుంది. గర్భిణులకి లెక్క వేరు.

అయితే ఈ టెస్టుని బోల్తా కొట్టించేవి కొన్ని ఉన్నాయి. మా కౌంటర్ దగ్గర తరచూ ఎదురయ్యేది బయోటిన్. జుట్టు ఊడుతోందని చాలామంది వేసుకునే బిళ్లల్లో ఉండేది ఇదే. ఒంటికి రోజుకి 30 మైక్రోగ్రాములు సరిపోతే, ఆ బిళ్లల్లో 5,000, 10,000 మైక్రోగ్రాములు ఉంటుంది. చాలా మిషన్లు హార్మోన్‌ని పట్టుకోవడానికి వాడే రసాయనంలోనూ బయోటినే ఉంటుంది కాబట్టి, రక్తంలో ఉన్నది వెళ్లి దానికి అడ్డుపడుతుంది. ఫలితంగా టీఎస్‌హెచ్ ఉన్నదానికన్నా తక్కువగా, టీ4 ఉన్నదానికన్నా ఎక్కువగా చూపించవచ్చు. అంటే నిజంగా టీఎస్‌హెచ్ పెరిగిన మనిషికి కూడా నార్మల్ అని రావచ్చు. తమాషా ఏమిటంటే "ఏమైనా మందులు వాడుతున్నారా" అని అడిగితే ఎవరూ దీని పేరు చెప్పరు. జుట్టు బిళ్ల వాళ్ల దృష్టిలో మందు కాదు. అందుకే నేను ఇప్పుడు "జుట్టుకి, గోళ్లకి ఏమైనా వేసుకుంటున్నారా" అని విడిగా అడుగుతాను. టెస్టుకి కనీసం రెండు రోజుల ముందు ఆపాలి. డోసు మరీ ఎక్కువైతే ఎన్నాళ్లు ఆపాలో డాక్టర్ని అడగండి.

రెండోది వేళ. టీఎస్‌హెచ్ రాత్రిపూట, తెల్లవారుజామున ఎక్కువగా ఉండి మధ్యాహ్నానికి తగ్గుతుంది. అంచుల్లో ఉన్నవాళ్లకి పొద్దున రేంజ్ దాటిన అంకె మధ్యాహ్నం లోపలికి వచ్చేయొచ్చు. కాబట్టి పోల్చి చూడాలంటే అదే ల్యాబ్, దాదాపు అదే టైము. పెద్ద జ్వరం, ఆసుపత్రిలో చేరడం లాంటివి అయిన వెంటనే చేసిన టెస్టుని కూడా అంతగా నమ్మకూడదు. స్టెరాయిడ్లు వాడుతుంటే తప్పకుండా చెప్పాలి.

మూడోది అరుదు, కానీ వదలకూడనిది. లోపం థైరాయిడ్‌లో కాకుండా పిట్యూటరీలోనే ఉంటే టీఎస్‌హెచ్ పెరగదు. నార్మల్‌గానే కనిపిస్తూ ఫ్రీ టీ4 (రక్తంలో దేనికీ అంటుకోకుండా విడిగా ఉండే టీ4) తక్కువగా ఉంటుంది. తరచూ తలనొప్పి, చూపు పక్కలకి తగ్గడం, నెలసరి ఆగిపోవడం, కాన్పులో విపరీతంగా రక్తం పోయి ఉండటం, తలకి పెద్ద దెబ్బ. వీటిలో ఏదైనా ఉంటే ఫ్రీ టీ4 కూడా చేయించమని డాక్టర్ని అడగండి.

పాత రిపోర్టులు ఇంట్లో ఎక్కడో ఉంటాయి, తీసి పక్కపక్కన పెట్టండి. ఒక్కో మనిషి టీఎస్‌హెచ్ ఆ పెద్ద రేంజ్ లోపల ఒక చిన్న చోటులోనే తిరుగుతుంటుంది. ఎప్పుడూ 1 దగ్గరుండే అంకె వరసగా పెరుగుతూ 3.9కి వస్తే, అది రేంజ్‌లోనే ఉన్నా కొన్ని నెలల తర్వాత మళ్లీ చూడాల్సిన విషయమే. ఇంట్లో వాళ్లకి థైరాయిడ్ ఉంటే యాంటీ టీపీఓ టెస్టు (థైరాయిడ్ మీద దాడిచేసే యాంటీబాడీలు ఉన్నాయేమో చూసేది) ఒక్కసారి చేయించుకోవడంలో అర్థముంది. అది పాజిటివ్ అయి టీఎస్‌హెచ్ నార్మల్‌గా ఉంటే, ఇప్పటికి మందు అక్కర్లేదు, ఏడాదికోసారి టీఎస్‌హెచ్ చూసుకుంటే చాలు. ఇంగ్లండ్‌లోని విక్‌హమ్‌లో 20 ఏళ్లు వెంటబడి చూసిన అధ్యయనంలో అలాంటి ఆడవాళ్లలో ఏడాదికి సుమారు 2 శాతం మందికే థైరాయిడ్ మందగించింది. యాంటీబాడీల అంకె ఎంతకి పెరిగిందో చూడటానికి మళ్లీ మళ్లీ చేయించుకోవడం దండగ. రివర్స్ టీ3, ఉమ్మితో చేసే హార్మోన్ ప్యానెళ్లు కూడా ఆ బాపతే.

"ఏమవుతుంది, నార్మల్ అయినా ఒక నెల బిళ్ల వేసి చూద్దాం" అనేవాళ్లు ఎక్కువే. ఆ పని పద్ధతిగా చేసి చూశారు. లక్షణాలుండి టెస్టులు నార్మల్‌గా ఉన్నవాళ్లకి కొన్ని వారాలు థైరాక్సిన్ (థైరాయిడ్‌కి ఇచ్చే బిళ్ల), కొన్ని వారాలు ఉత్తుత్తి బిళ్ల, ఏది ఎప్పుడో వాళ్లకి తెలియకుండా ఇచ్చారు. 2001లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో వచ్చింది. థైరాక్సిన్ ఉత్తుత్తి బిళ్లకన్నా మెరుగ్గా పనిచేయలేదు. అవసరం లేకుండా డోసు ఎక్కువైతే గుండె లయ తప్పడం, ఎముకలు గుల్లబారడం అదనం. "థైరాయిడ్ సపోర్ట్" పేరుతో వచ్చే అయోడిన్ చుక్కలు, క్యాప్సూళ్ల జోలికీ పోవద్దు. అయోడిన్ ఎక్కువైతే బాగున్న థైరాయిడే పాడవచ్చు.

ఇక్కడితో కాగితం పని అయిపోయింది.

నీరసాన్ని రాసి పెట్టడం

రెండు వారాలు ఒక నోట్‌బుక్ పెట్టుకోండి. ఫోన్‌లో రాసుకున్నా సరే. "ఈరోజు చాలా నీరసం" అని రాస్తే ఎవరికీ ఉపయోగం లేదు. ఏ టైముకి, ఏం చేస్తుంటే, ఎలా అనిపించిందో రాయాలి. నా పుస్తకంలో ఒక రోజు ఇలా ఉంది: "మెట్లు. సగంలో ఆగాను. గుండె దడ. నిద్ర రావట్లేదు, కాళ్లలో సత్తువ లేదు. కూర్చుంటే ఐదు నిమిషాల్లో సర్దుకుంది." అందులో ఎంత సమాచారం ఉందో రాసేటప్పుడు నాకే తెలియలేదు. డాక్టర్ ఆ ముక్క చదివి కళ్ల కింది రెప్ప లాగి చూశారు.

కూర్చుంటే కునుకు పట్టేయడం ఒక రకం. అది ఎక్కువగా నిద్ర సమస్య. శ్రమ చేస్తే ఆయాసం, దడ అయితే రక్తం, గుండె, ఊపిరితిత్తుల వైపు చూడాలి. ఒంట్లో శక్తి ఉన్నా దేనిమీదా మనసు పోకపోవడం, ఇష్టమైన పని కూడా బరువనిపించడం వేరే సంగతి. ఇంకొకటి ఉంది, ఇది చాలామందికి తెలియదు: పని చేసిన రోజు బాగానే ఉండి, మర్నాడో ఆ మర్నాడో మంచం దిగలేకపోవడం. ఏ వైరల్ జ్వరం తర్వాతో మొదలై, నెలలు దాటినా ఇలాగే ఉంటే ఆ మాట డాక్టర్‌కి సరిగ్గా ఇలాగే చెప్పండి. ఎంఈ/సీఎఫ్ఎస్ అనే దీర్ఘకాలపు నీరసం జబ్బుకి అది ముఖ్యమైన గుర్తు. అలాంటివాళ్లు "వ్యాయామం చేస్తే అదే పోతుంది" అని బలవంతాన పరుగులు పెడితే ఇంకా దిగజారతారు.

పుస్తకంలో ఇంకా ఉండాల్సినవి: నిద్రపోయిన, లేచిన టైములు, నెలసరి తేదీలు, రక్తస్రావం ఎంత, వాడే ప్రతి బిళ్ల. అలర్జీ బిళ్లలు, కొన్ని బీపీ మందులు, నిద్ర మాత్రలు, మద్యం, ఇవన్నీ పగటి మనిషిని కుంగదీసేవే. గురక సంగతి మీకు తెలియదు, పక్కన పడుకునేవాళ్లని అడగండి. గురక మధ్యలో ఊపిరి ఆగినట్టై ఉలిక్కిపడి లేస్తున్నారని వాళ్లు చెబితే స్లీప్ ఆప్నియా పరీక్ష అడగాలి. లావుగా ఉన్నవాళ్లకే వస్తుందనుకోవద్దు.

ఏ టెస్టులు అడగాలి

నా కథ ఇక్కడే తేలింది. హిమోగ్లోబిన్ 12.3. ఆడవాళ్లకి 12 దాటితే రక్తహీనత కాదు కాబట్టి ఆ గడి కింద ఎర్ర గీత లేదు. ఫెరిటిన్ 11. ఫెరిటిన్ అంటే ఒంట్లో దాచిన ఐరన్. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్కలో పెద్దవాళ్లకి 15 కన్నా తక్కువైతే లోపం. చాలామంది డాక్టర్లు 30 లోపునే జాగ్రత్త పడతారు. ముందు దాచిన ఐరన్ ఖర్చవుతుంది, హిమోగ్లోబిన్ పడిపోవడం ఆ తర్వాత. అందుకని సీబీసీ (హిమోగ్లోబిన్, రక్తకణాల లెక్క) బాగుందని ఫెరిటిన్ చేయించకుండా వదిలేస్తే ఇది దొరకదు. నీరసం, జుట్టు ఊడటం, చలి, మూడూ థైరాయిడ్‌లాగే ఉంటాయి. నెలసరి ఎక్కువగా అయ్యేవాళ్లకి ఇది చాలా మామూలు. మగవాళ్లకి గానీ, నెలసరి ఆగిపోయినవాళ్లకి గానీ ఫెరిటిన్ తక్కువగా వస్తే కేవలం బిళ్లతో సరిపెట్టకూడదు, కడుపులో ఎక్కడైనా రక్తం పోతోందేమో చూడాలి. ఒంట్లో వాపు, ఇన్ఫెక్షన్ ఉంటే ఫెరిటిన్ అబద్ధంగా ఎక్కువ చూపిస్తుంది, దానికి తోడుగా ఒంట్లో వాపు ఉందో లేదో చెప్పే సీఆర్పీ టెస్టు చేస్తారు.

టెస్టు లేకుండా ఐరన్ మొదలుపెట్టకండి. రాసిచ్చాక రోజు విడిచి రోజు వేసుకోవచ్చేమో అడగండి. అలా వేసుకుంటే ఒక్కో బిళ్లలోంచి ఒంటికి పట్టే ఐరన్ ఎక్కువ, కడుపులో ఇబ్బంది తక్కువ. బిళ్లతో విరేచనం నల్లగా వస్తుంది, కంగారు పడక్కర్లేదు. నాకు తేడా నెమ్మదిగా తెలిసింది, ఒక్కరోజులో లేచి కూర్చోలేదు. ఫెరిటిన్ నిండటానికి నెలలు పడుతుంది.

మిగతావి త్వరగా చెప్పేస్తాను. బి12, మరీ ముఖ్యంగా మాంసాహారం తిననివాళ్లు, షుగర్‌కి ఇచ్చే మెట్‌ఫార్మిన్ లేదా ఎసిడిటీ బిళ్లలు ఏళ్ల తరబడి వాడేవాళ్లు, అరికాళ్లలో తిమ్మిర్లున్నవాళ్లు. షుగర్ కోసం హెచ్‌బీఏ1సీ. కిడ్నీ, లివర్, కాల్షియం. విటమిన్ డి డాక్టర్ అవసరమంటే. థైరాయిడ్ యాంటీబాడీలున్నవాళ్లలో సీలియాక్ జబ్బు (గోధుమల్లోని గ్లూటెన్ ఒంటికి పడకపోవడం) మామూలుకన్నా ఎక్కువ కాబట్టి, కడుపు ఉబ్బరం, విరేచనాలు ఉంటే దాన్ని పట్టే టీటీజీ టెస్టు. బరువు తగ్గుతూ, బీపీ పడిపోతూ, చర్మం నల్లబడుతూ ఉప్పు మీదకి మనసు పోతుంటే పొద్దున చేసే కార్టిసాల్ (అడ్రినల్ గ్రంథి హార్మోన్) టెస్టు.

డాక్టర్ గదిలో

ఉన్నది కొద్ది నిమిషాలే. "నాకు థైరాయిడ్ ఉందని నా నమ్మకం" అని మొదలుపెడితే ఆ నిమిషాలు థైరాయిడ్ లేదని మీకు నచ్చజెప్పడానికే అయిపోతాయి. దాని బదులు ఇంతకు ముందు చేయగలిగి ఇప్పుడు చేయలేనివి రెండు మూడు చెప్పండి. "ఆరు నెలల క్రితం మూడో అంతస్తుకి ఆగకుండా ఎక్కేదాన్ని, ఇప్పుడు మొదటి అంతస్తు దగ్గరే కూర్చుంటున్నా డాక్టర్ గారూ." ఒక పేజీలో లక్షణాలు, బిళ్లలు, పాత అంకెలు రాసి ఇవ్వండి. "టెన్షన్ వల్లే" అని తేల్చేస్తే "అయి ఉండొచ్చు, దానితోపాటు ఇంకేం కారణాలు చూడొచ్చు?" అని అడగండి. డిప్రెషన్ గురించి ప్రశ్నలు వేస్తే అవమానంగా తీసుకోవద్దు, అదీ ఒంటిని పడగొట్టే జబ్బే, దానికీ మందుంది. లేచే ముందు "తగ్గకపోతే ఎన్ని వారాలకి రావాలి?" అని తప్పకుండా అడగండి.

కారణం లేకుండా బరువు తగ్గడం, రాత్రి చెమటలు, వదలని జ్వరం, మెడలోనో చంకలోనో గడ్డ కనిపిస్తే డైరీ నింపుతూ రెండు వారాలు ఆగొద్దు, వెంటనే డాక్టర్‌కి చూపించండి. ఛాతీ నొప్పి, కూర్చున్నా ఆయాసం, ఐరన్ వాడకుండానే నల్లటి విరేచనం, బతకాలని లేదన్న ఆలోచన, వీటిలో ఏది ఉన్నా ఆ క్షణమే ఆసుపత్రికి వెళ్లండి.

ఇప్పటికే థైరాక్సిన్ వాడుతూ, టీఎస్‌హెచ్ నార్మల్‌గా ఉన్నా నీరసం పోనివాళ్లు కూడా నన్ను అడుగుతుంటారు. పైన చెప్పిన వెతుకులాట వాళ్లకీ వర్తిస్తుంది. బిళ్ల పరగడుపున నీళ్లతో, తిండికి అరగంట నుంచి గంట ముందు. ఐరన్, కాల్షియం బిళ్లలకి దానికి నాలుగు గంటల ఎడం. డోసు మార్చాక ఆరు నుంచి ఎనిమిది వారాలు ఆగి టెస్టుకి రండి. మార్చిన పది రోజులకే వచ్చి శాంపిల్ ఇస్తే ఆ అంకె కొత్త డోసు సంగతి చెప్పదు.