మసిస్టియస్ వేషం: పైన ఎర్ర అంగీ, లోపల బంగారు పొలుసులు

విశాఖ కాలేజీ నాటకాల్లో పర్షియా సేనాని పాత్ర ఉందంటే అద్దె డ్రెస్సుల కొట్టు నుంచి కుచ్చు శిరస్త్రాణం, మోకాళ్ల దాకా పావడా వచ్చేస్తాయి. అది రోమన్ వేషం, వెనక్కి పంపేయండి.

మసిస్టియస్ క్రీ.పూ. 479లో గ్రీసులోని ప్లాటియా దగ్గర పర్షియన్ అశ్వదళాన్ని నడిపాడు. గ్రీకు చరిత్రకారుడు హెరొడోటస్ చెప్పిన ప్రకారం బంగారు పొలుసుల కవచం లోపల తొడిగి, పైన ఎర్ర అంగీ వేసుకున్నాడు. బాణం దెబ్బకు గుర్రం పైకి లేచి ఆయన్ని పడేసింది. గ్రీకులు ఎంత పొడిచినా కవచంలో పోటు దిగలేదు, చివరికి కంట్లో పొడిచి చంపారు. అందుకే బంగారం ఆ ఘట్టం దాకా కనపడకూడదు.

పొలుసులకు 2 మి.మీ. ఫోమ్ షీటు వాడండి. రేకు వద్దు: గలగలమంటూ డైలాగును మింగేస్తుంది, అంచులు కోస్తాయి, ఇనప రేకైతే ఇక్కడి ఉప్పుగాలికి తుప్పు కూడా. ఒక్కోటి 4 సెం.మీ. వెడల్పు, 6 సెం.మీ. పొడవు, కింది అంచు గుండ్రంగా. వరసకు 12 చొప్పున 20 వరసలకు 48 సెం.మీ. వెడల్పు, 63 సెం.మీ. పొడవున్న ఛాతీ నిండుతుంది. వీపుతో కలిపి 480. ముందే రంగు వేసి, ఆరాక మందపాటి కాన్వాస్ మీద కింది వరస నుంచి మొదలుపెట్టి, ఇంటిమీద పెంకుల్లా పై వరస 3 సెం.మీ. కప్పేలా కుట్టండి. వరస విడిచి వరస 2 సెం.మీ. పక్కకు జరగాలి. అంచు దాటిన సగం ముక్క కోసి రెండో చివర కుట్టేయండి. గమ్‌ను నమ్మొద్దు, చెమటకు ఊడిపోతుంది.

అంగీ మోకాళ్ల దాకా, నిండు చేతులతో, కవచం చుట్టుకొలత కన్నా 10 సెం.మీ. వదులుగా కుట్టించండి. మెడ నుంచి నడుం దాకా ముందువైపు తెరిచి 4 టిచ్ బటన్లు పెడితే, లాగగానే విడిపోతుంది. వెల్క్రో చర్రుమని చప్పుడు చేస్తుంది.

కింద వదులు పైజామా, తలకు చెవులు కప్పే మెత్తని టోపీ. టోపీ కొస నిటారుగా నిలబెట్టకండి, ఆ హక్కు రాజుది. కురచ కత్తి కుడి తొడ పక్కన వేలాడాలి. కాల్బలం డాళ్లకు మేదరులు అల్లిన వెదురు తడకలు సరిగ్గా సరిపోతాయి, పర్షియన్లవి అల్లిక డాళ్లే.

కంటి పోటు ఘట్టంలో ఈటె ముఖం దగ్గరికి పోకూడదు. పొడిచేవాడు ప్రేక్షకులకు వీపు పెట్టి, పడ్డవాడి తలకు అడుగు దూరంలో నేలను పొడవాలి. ఈటె కొన రబ్బరుదే ఉండాలి.