ఒకే అర్థంలా కనిపించే ఇంగ్లీషు మాటలను వేరుచేసి నేర్చుకోవడం ఎలా?

బరంపురం, పర్లాకిమిడి, రాయగడ వంటి ఊళ్ళలో మన పిల్లలు ఇంట్లో తెలుగు, బడిలో ఒడియా మాట్లాడుతూ, పరీక్ష కాగితం మీద మాత్రం ఇంగ్లీషు రాయవలసి వస్తుంది. సాయంత్రాలు నా దగ్గర పాఠం చెప్పించుకునే ఒక అమ్మాయి, చెట్టు నీడన కూర్చున్నానని రాయబోయి, 'షేడ్' ఉండవలసిన చోట 'షాడో' అని రాసింది. ఆమె శ్రద్ధలో లోపమేమీ లేదు; రెండు మాటలకూ 'నీడ' అనే అర్థం కంఠస్థం చేయించారు. ఎండ తగలని చల్లని చోటు షేడ్ అనీ, వెలుగుకు మనం అడ్డు నిలిస్తే నేల మీద పడే ఆకారం షాడో అనీ చెప్పగానే, లేచి ఆరుబయటికి వెళ్ళి తన నీడను తాను చూసుకుని వచ్చింది.

కాబట్టి మొదట ఇంగ్లీషు మాటలను పక్కన పెట్టి, రెండు మూడు ఇంగ్లీషు మాటలకు సరిపోయే తెలుగు మాటలను ఒక పుస్తకంలో రాసుకోండి. చేయి, వేలు, చూడు, చెప్పు, ఎత్తు అలాంటివే. కొన్ని ఇట్టే తేలిపోతాయి: భుజం నుంచి మణికట్టు దాకా ఆర్మ్, ఆపైన వేళ్ళ కొసల వరకు హ్యాండ్, చేతివేలు ఫింగర్, కాలివేలు టో.

తేలనివాటికి వ్యతిరేక పదాన్ని వెతకండి. టాల్‌కు వ్యతిరేకం షార్ట్, హైకి వ్యతిరేకం లో. మనం పొట్టి మనిషి అంటాం గానీ పొట్టి కొండ అనం. అందుకే మనిషి టాల్, కోరాపుట్ జిల్లాలో 1,672 మీటర్ల ఎత్తున నిలిచిన దేవమాలి కొండ హై. ఈ ఉపాయం అన్ని జంటలకూ పనికిరాదు గానీ, పనికివచ్చిన చోట చాలా త్వరగా దారి చూపుతుంది.

తరువాత, ఆ మాట వెంట వాక్యంలో ఏమి వస్తుందో గమనించాలి. నా అనుభవంలో పిల్లలు ఎక్కువగా తడబడేది ఇక్కడే. 'చెప్పు' అన్న ఒక్క మాటకు సే, టెల్ రెండూ ఉన్నాయి. టెల్ వెంటనే సాధారణంగా వినే మనిషి రావాలి: 'టెల్ మీ'. సేకు చెప్పిన మాటే ముఖ్యం. వినేవారిని చేర్చాలంటే మధ్యలో 'టు' ఉండాలి: 'సే ఇట్ టు మీ'. 'సే మీ' అనకూడదు. అయితే నిజం, అబద్ధం, కథ చెప్పడానికి వినేవారి ప్రస్తావన లేకపోయినా టెల్ అనే వాడతారు. వీటిని విడిగా గుర్తుపెట్టుకోవాలి. బారో, లెండ్ విషయంలో ఇచ్చిపుచ్చుకునే దిక్కు చూడండి: చేబదులు తెచ్చుకుంటే బారో, ఇస్తే లెండ్.

అర్థం పూర్తిగా కలిసినా సందర్భం కలవని జంటలు కూడా ఉన్నాయి. 1066లో ఫ్రెంచి మాట్లాడే నార్మన్లు ఇంగ్లండును జయించాక ఫ్రెంచి మాటలు ఆ భాషలోకి విస్తారంగా చేరాయి. అందువల్ల 'మొదలుపెట్టు' అన్న ఒకే అర్థానికి పాత ఇంగ్లీషు నుంచి వచ్చిన బిగిన్ ఇంటి మాటగా, ఫ్రెంచి నుంచి వచ్చిన కమెన్స్ సభల మాటగా వినిపిస్తాయి. మనకూ నీళ్ళు, జలం అలాగే ఉన్నాయి: దాహంతో వచ్చిన చుట్టానికి నీళ్ళిస్తాం, దేవుడికి జలంతో అభిషేకం చేస్తాం.

చివరగా, ఒక్కొక్క జంటకు ఒక పేజీ కేటాయించి, అర్థాలకు బదులు మీరు విన్న, చదివిన వాక్యాలనే రాయండి. పర్లాకిమిడిలో ఉపాధ్యాయుడిగా ఉన్న గిడుగు రామమూర్తి గారు సవర భాషను అది మాట్లాడేవారి నోట విని నేర్చుకున్న తరువాతే నిఘంటువు కూర్చారు. వారానికొకసారి ఆ వాక్యాలలో ఒక మాట తీసి రెండవది పెట్టి చదవండి. వాక్యం చెడితే ఎక్కడ చెడిందో ఆ పక్కనే తెలుగులో రాసుకోండి. ఆ అమ్మాయి షేడ్ పేజీలో 'గొడుగు కింద కూడా ఇదే' అని రాసుకుంది.