పాత రీఫర్బిష్డ్ ట్యాబ్ కొనవచ్చా? నెలల లెక్కతో తేల్చుకునే పద్ధతి

రెండేళ్ల క్రితం మా నాన్నగారికి ఈ-పేపర్లు చదువుకోవడానికి, దూరంగా ఉన్న మనవరాలితో వీడియో కాల్ మాట్లాడడానికి పెద్ద తెర కావలసివచ్చింది. కొత్త ట్యాబ్‌కు పదమూడు వేలు పెట్టడం ఎందుకని, ఐదున్నర వేలకు ఒక రీఫర్బిష్డ్ ట్యాబ్, అంటే ఒకరు వాడినదాన్ని బాగుచేసి మళ్లీ అమ్మేది, తెచ్చాను. పెట్టె కొత్తది, తెర మీద అంటించిన పొర కొత్తది, ఛార్జర్ కూడా కొత్తదే. ఎనిమిదో నెలలో ఆయన వాడే యాప్‌లలో ఒకటి ఆ ట్యాబ్‌లోని పాత ఆండ్రాయిడ్ వెర్షన్ మీద ఇక పనిచేయదని చెప్పింది. పదో నెలలో బ్యాటరీ ఉబ్బి తెర అంచు పైకి లేచింది. ఐదున్నర వేలను పది నెలలకు పంచితే నెలకు 550 రూపాయలు పడింది. పదమూడు వేల కొత్త ట్యాబ్ నాలుగేళ్లు నడిచినా నెలకు 270 రూపాయలే పడేది. అందుచేత పాత ట్యాబ్ విషయంలో ముందుగా అడగవలసిన ప్రశ్న ధర ఎంత అన్నది కాదు, అందులో ఇంకా ఎన్ని నెలల వాడకం మిగిలి ఉన్నది అన్నది.

ఆ నెలలను అంచనా వేయడానికి మొదట మోడల్ పేరు, అది విడుదలైన సంవత్సరం తెలియాలి. దుకాణదారు చెప్పే "ఈ మధ్యే వచ్చిన సరుకు" అన్న మాట ట్యాబ్ వయసును చెప్పదు, అది దుకాణానికి ఎప్పుడు వచ్చిందో మాత్రమే చెబుతుంది. మన మార్కెట్‌లో ఎక్కువగా కనిపించే శామ్‌సంగ్ బడ్జెట్ ట్యాబ్‌లను ఉదాహరణగా తీసుకుందాం. 2019 నాటి 10.1 అంగుళాల గెలాక్సీ ట్యాబ్ ఏ ఆండ్రాయిడ్ 9తో వచ్చి 11 దగ్గర ఆగింది. 2020లో వచ్చిన ట్యాబ్ ఏ7 ఆండ్రాయిడ్ 10తో మొదలై 12 వరకు వెళ్లింది. 2021లో వచ్చిన ఏ7 లైట్, ఆ తరువాత వచ్చిన ఏ8 రెండూ 11తో మొదలై 14 వరకు అప్‌డేట్ అందుకున్నాయి. దుకాణంలో పక్కపక్కన పెడితే ఏ7, ఏ8 దాదాపు ఒకేలా కనిపిస్తాయి, ధరలో తేడా కూడా పెద్దగా ఉండదు. కానీ రెండు ఆండ్రాయిడ్ వెర్షన్ల తేడా అంటే యాప్‌లు పనిచేసే కాలంలో గణనీయమైన తేడా.

యాప్‌లు పాత ఆండ్రాయిడ్‌ను వదిలివేయడం ఒక్కరోజులో జరగదు గాని, జరగడం మాత్రం ఖాయం. 2025లో క్రోమ్ బ్రౌజర్ 139వ వెర్షన్ నుంచి ఆండ్రాయిడ్ 10 గాని అంతకంటే కొత్తది గాని తప్పనిసరి అయింది. అంటే ఆండ్రాయిడ్ 9 దగ్గర ఆగిపోయిన ట్యాబ్‌లో ఇప్పుడు తాజా బ్రౌజర్ కూడా రాదు. అటువంటిదాన్ని ఎంత చవకగా ఇచ్చినా నేను కొనను. ఐప్యాడ్‌లకూ ఇదే న్యాయం వర్తిస్తుంది. 2019 నాటి 7వ తరం ఐప్యాడ్‌కు దాన్ని నడిపించే సాఫ్ట్‌వేర్ అయిన ఐప్యాడ్‌ఓఎస్‌లో 26వ వెర్షన్ రాలేదు, 8వ తరానికీ తరువాతివాటికీ వచ్చింది. సెట్టింగ్స్‌లో ట్యాబ్ వివరాలు ఉన్నచోట ఆండ్రాయిడ్ వెర్షన్‌తో పాటు సెక్యూరిటీ ప్యాచ్ తేదీ, అంటే భద్రతా లోపాలను సరిదిద్దే అప్‌డేట్ చివరిసారి ఎప్పటిదో, కూడా కనిపిస్తుంది. ఆ తేదీ రెండేళ్లు దాటిపోయి ఉంటే ఆ ట్యాబ్‌ను చదువుకోవడానికి, వీడియోలు చూడడానికి మాత్రమే లెక్కలోకి తీసుకోవాలి. బ్యాంకు లావాదేవీలు దానిలో పెట్టకూడదు.

తరువాత చూడవలసినది మెమరీ. 3 జీబీ ర్యామ్, 32 జీబీ స్టోరేజీ ఉన్న ట్యాబ్‌లు ఇప్పటికీ చాలా అమ్ముడుపోతున్నాయి. ఆ 32 జీబీలో ఆండ్రాయిడ్ తన వాటా తాను తీసుకోగా మిగిలే చోటును నాలుగైదు పెద్ద యాప్‌లు, వాట్సాప్ ఫొటోలు ఏడాదిలో నింపేస్తాయి. మెమరీ కార్డు వేస్తే సరిపోతుందని అమ్మేవారు అంటారు. పీడీఎఫ్‌లకు, సినిమాలకు అది నిజమే కాని, యాప్‌లు చాలావరకు లోపలి స్టోరేజీలోనే ఉండాలి. పైగా బడ్జెట్ ట్యాబ్‌లలో వాడే ఈఎంఎంసీ అనే చవక రకం స్టోరేజీ మొదటి నుంచీ నెమ్మదైనది, నిండేకొద్దీ మరింత మందగిస్తుంది. దీన్ని పరీక్షించడానికి నేను ఒక స్కాన్ చేసిన పాత తెలుగు పుస్తకం పీడీఎఫ్‌ను, కనీసం వంద ఎంబీ ఉన్నదాన్ని, పెన్‌డ్రైవ్‌లో వెంట తీసుకువెళతాను. దాన్ని తెరిచి ఇరవై పేజీలు వరుసగా తిప్పాలి. ప్రతి పేజీ ముందు మసకగా వచ్చి రెండు మూడు సెకన్లకు గాని అక్షరాలు తేలకపోతే, ఇంటికి వెళ్లాక ఈ-పేపర్ కూడా అలాగే తెరుచుకుంటుంది. ఆ తరువాత బ్రౌజర్‌కు మారి, మళ్లీ పీడీఎఫ్‌కు రావాలి. మీరు ఆగిన పేజీ కాకుండా మొదటి పేజీ కనిపిస్తే ర్యామ్ చాలడం లేదని అనుమానించవచ్చు.

బ్యాటరీ విషయంలో మాటల కంటే చేతులనే నమ్మాలి. ట్యాబ్‌ను గాజు బల్ల మీద వెల్లకిలా పెట్టి నాలుగు మూలలనూ వేలితో మెల్లగా నొక్కండి. ఏ మూలైనా ఊగితే వీపు ఉబ్బిందేమోనని చూడాలి. తెరకు, చట్రానికి మధ్య ఉన్న సందులో గోరు చుట్టూ నడిపించండి. ఒకచోట గోరు లోపలికి దిగుతూ మిగతాచోట్ల దిగకపోతే తెర లేచినట్లు, లేదా విప్పి సరిగా అంటించనట్లు. పూర్తి తెల్లటి బొమ్మ పెట్టినప్పుడు మధ్యలో తెల్లని మచ్చ ప్రత్యేకంగా వెలుగుతున్నా లోపలి నుంచి ఏదో ఒత్తుతున్నట్లే అనుకోండి. అటువంటి ట్యాబ్‌ను తగ్గింపు ధరకు కూడా తీసుకోవద్దు, ఉబ్బిన లిథియం బ్యాటరీ ఇంట్లో ఉండడమే ప్రమాదం. మా నాన్నగారి ట్యాబ్ అంచు లేచిన రోజు ఆయన దాన్ని ఛార్జింగ్‌లోనే ఉంచి, పక్కన పెట్టుకుని నిద్రపోయారు. ఆ సంగతి తలచుకుంటే ఇప్పటికీ నాకు భయం వేస్తుంది. పైకి అంతా బాగానే ఉంటే, వెలుగు పూర్తిగా పెంచి అరగంట వీడియో నడపండి. 12 శాతానికి మించి తగ్గితే బ్యాటరీ మార్చవలసి వస్తుందని అనుకుని, ఆ ఖర్చు అక్కడే అడిగి ధరలో కలుపుకోండి. ఛార్జింగ్ పిన్ పెట్టి అటూ ఇటూ కదిపి చూడడం మరచిపోవద్దు.

ఇక అందరూ పట్టించుకోని విషయం తాళాలు. పాఠశాలలు, కోచింగ్ సంస్థలు, కంపెనీలు ఇచ్చే ట్యాబ్‌లలో సంస్థ నియంత్రణ ఉంటుంది. 2022 డిసెంబరులో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 8వ తరగతి విద్యార్థులకు పాఠాలతో కూడిన ట్యాబ్‌లు పంచింది. పిల్లల చదువు కోసం ఇచ్చిన అటువంటి ట్యాబ్ ఎవరైనా అమ్మకానికి తెస్తే కొనకూడదు. అది న్యాయం కాదు, ఉపయోగమూ ఉండదు. ఇటువంటి తాళం దుకాణంలో మామూలుగా తెరిచి చూస్తే కనిపించకపోవచ్చు. అందుకే మీ ఎదుటే ఫ్యాక్టరీ రీసెట్ (లోపలి సమాచారమంతా చెరిపి కొత్తదానిలా మొదలయ్యేటట్లు చేయడం) చేయించి, మీ ఫోన్ హాట్‌స్పాట్‌కు కలిపి, మీ గూగుల్ ఖాతాతో మొదటి నుంచి సెటప్ చేయండి. మధ్యలో పాత యజమాని ఖాతా అడిగినా, ఈ పరికరం ఒక సంస్థకు చెందినదన్న సందేశం వచ్చినా అక్కడితో ఆపేయాలి. సిమ్ వేసే ట్యాబ్ అయితే ప్రతి పరికరానికీ విడిగా ఉండే 15 అంకెల గుర్తింపు సంఖ్య ఐఎంఈఐని కేంద్ర ప్రభుత్వ సంచార్ సాథీ పోర్టల్‌లో సరిచూడవచ్చు. ఇంగ్లీషు అక్షరాల్లో కేవైఎం అని రాసి, ఖాళీ వదిలి, ఆ సంఖ్య చేర్చి 14422కు ఎస్ఎంఎస్ పంపినా వివరాలు వస్తాయి. దొంగసొత్తుగా బ్లాక్ అయినదైతే అక్కడ తెలుస్తుంది.

సినిమాల కోసం కొనేవారు వైడ్‌వైన్ (ఓటీటీ వీడియోలు కాపీ కాకుండా కాపాడే గూగుల్ ఏర్పాటు) స్థాయి ఎల్1 అవునో కాదో చూసుకోవాలి. ఎల్3 అయితే తెర ఎంత మంచిదైనా ఓటీటీ యాప్‌లలో చాలావరకు బొమ్మ మసకగానే వస్తుంది.

ఇవన్నీ చూశాక మళ్లీ నెలల లెక్కకు రండి. నా మట్టుకు నేను నెలకు 200 రూపాయలను హద్దుగా పెట్టుకున్నాను. ఆండ్రాయిడ్ 14 దాకా వచ్చి, బ్యాటరీ బాగున్న ఏ8కు రెండేళ్ల వాడకం మిగిలి ఉన్నదనుకుంటే 4,800 రూపాయల వరకు పెట్టవచ్చు. ఆండ్రాయిడ్ 12 దగ్గర ఆగిన ఏ7కు ఏడాది అనుకుంటే 2,400 దాటకూడదు. అమ్మేవారు ఏడు వేలు చెబితే బేరం ఆడడం కంటే కొత్తదాని కోసం ఇంకొన్నాళ్లు డబ్బు దాచుకోవడం మేలు. పోటీ పరీక్షలకు చదివే పిల్లలకైతే, రోజుకు ఆరేడు గంటల వాడకం కాబట్టి, నేను పాతది సూచించను. పెద్దవారి పత్రికా పఠనానికి, చిన్నపిల్లలకు ముందే డౌన్‌లోడ్ చేసి ఇచ్చే పాటలకు, వంటింట్లో వీడియోలు చూసుకోవడానికి సరైన ధరకు దొరికిన పాత ట్యాబ్ చక్కగా పనికొస్తుంది.

హైదరాబాద్ అబిడ్స్‌లోని జగదీశ్ మార్కెట్ వంటి చోట కొంటే పై పరీక్షలన్నీ నిలబడి చేయవచ్చు కాని, ఒకసారి బయటికి వచ్చాక తిరిగి ఇవ్వడం కష్టం. ఆన్‌లైన్‌లో కొంటే ముట్టుకుని చూడలేరు గాని, తిరిగి పంపే గడువు ఉంటుంది. ఎక్కడ కొన్నా బిల్లు మీద మోడల్ పేరు, సీరియల్ నంబరు, వారంటీ నెలలు, బ్యాటరీకి ఆ వారంటీ వర్తిస్తుందా లేదా అన్నది రాయించుకోండి. ఇంటికి తెచ్చిన మొదటి రాత్రి ట్యాబ్‌ను వంద శాతం ఛార్జ్ చేసి, వైఫై ఆపి, వాడకుండా పక్కన పెట్టండి. తెల్లవారేసరికి ఐదారు శాతం కంటే ఎక్కువ తగ్గి ఉంటే, గడువు ముగియకముందే తిరిగి ఇచ్చేయండి.